ఖాళీ జాగాకి బహుమతి ఎవరిస్తారు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంఘం పెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. 1975. నేను ఏడో తరగతి. వచ్చిన పెద్దలకి మంచినీళ్లు అందించే పని మా క్లాసుకి అప్పగించారు. ఆ రోజు గ్లాసులు కడిగినవాణ్ణి ఇవాళ మైకు ముందు నిలబెట్టారు. కృతజ్ఞతలు.

నాకిచ్చిన విషయం కాస్త బరువైనది. పట్టణాల్లో రియల్ ఎస్టేట్, భూ వినియోగం, అందులో ప్రతిభని గుర్తించడం. ఇది నాకే ఎందుకిచ్చారని మన కార్యదర్శిని అడిగాను. "మన బడిలో చదివి భూములు కొన్నవాళ్లున్నారు, అమ్మినవాళ్లున్నారు, ప్లాను మీద ముద్ర కొట్టినవాడివి నువ్వొక్కడివే" అన్నాడు. నిజమే. టౌన్ ప్లానింగ్‌లో 33 ఏళ్లు ముద్రలు కొట్టాను. వాటిలో కొన్ని కొట్టకుండా ఉండాల్సింది. అందులో ఒకదాని గురించి ముందు చెప్తాను. అది ఉద్యోగంలో ఉండగా కొట్టింది కాదు, రిటైరయ్యాక కొట్టింది.

రిటైరైన కొత్తలో ఒక సంస్థవాళ్లు ఉత్తమ వెంచర్లకి బహుమతులిస్తున్నాం, న్యాయనిర్ణేతగా రండి అన్నారు. ముగ్గురం. ఒక ఆర్కిటెక్టు, ఒక బ్యాంకు అధికారి, నేను. ఏసీ హాల్లో కూర్చోబెట్టి జీడిపప్పు పెట్టారు. ఒక్కో వెంచరుకి పావుగంట. డ్రోన్ వీడియో, వెనక వేణువు, ఒక చిన్నపిల్ల సైకిలు తొక్కుతూ నవ్వడం. సాయంత్రానికి మేం 40 ఎకరాల లేఔట్‌ ఒకదాన్ని ఎంపిక చేశాం. 40 అడుగుల రోడ్లు, రెండు పక్కలా చెట్లు, క్లబ్‌హౌసు, నడుమ చక్కటి పార్కు, పార్కు చుట్టూ నడక దారి. ప్రశంసా పత్రం చదివింది నేనే.

రెండేళ్ల తరవాత శ్రావణమాసంలో మా ఆవిడ తరఫు బంధువుల గృహప్రవేశానికి అదే లేఔట్‌కి వెళ్లాను. ముందు రాత్రి గట్టి వాన. పార్కు కనపడలేదు. పార్కు ఉండాల్సినచోట నీళ్లు, నీళ్లలో తల మాత్రం బయటపెట్టిన జారుడుబల్ల. గేటు దగ్గర వాచ్‌మన్ ఆ ఊరివాడే. "ఇది కాలవ బాట సార్. పైచెరువు అలుగు నీళ్లు ఇట్టాగే పోయేవి. మా నాయన ఇక్కడే చేపలు పట్టేవాడు" అన్నాడు, అదేమంత విశేషం కాదన్నట్టు.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కింది ఉద్యోగులకి ఒకే మాట చెప్పేవాణ్ణి. లేఔట్ ప్లాను తెరవకముందు పాత గ్రామ పటం తెరవండి, ఎఫ్‌ఎంబీ చూడండి, వాగు గీత ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి అని. ఆ రోజు ఏసీ హాల్లో ఆ పటం నేను అడగలేదు. వీడియో చూశాను. ఆ లేఔట్ గేటు పక్కన గ్రానైటు పలక మీద బహుమతి వివరాలు ఇప్పటికీ ఉన్నాయట. న్యాయనిర్ణేతల్లో నా పేరు రెండోది.

ఆ తరవాత ఎవరు పిలిచినా జ్యూరీలకి వెళ్లడం మానేశాను. కానీ ఆలోచించడం మానలేదు. బహుమతి ఇవ్వడం తప్పా? కాదు. మంచి పని చేసినవాడికీ, చెడ్డ పని చేసినవాడికీ మార్కెట్లో ఒకే గజం ధర వస్తుంటే, మంచివాడికి ఏదో ఒక గుర్తింపు ఉండాలి. అమెరికాలో అర్బన్ ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 1979 నుంచి ఇలాంటి బహుమతులిస్తోంది. వాళ్లు భవనం అందం ఒక్కటే కాకుండా స్థలం ఎలా సంపాదించారు, డబ్బు ఎలా తెచ్చారు, కట్టాక ఎలా నడుపుతున్నారు, చుట్టూ ఉన్న ఊరికి ఏం చేశారు అని మొత్తం పని చూస్తామంటారు. ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ బహుమతికి మరో నియమం ఉంది. కట్టడం పూర్తయి, కనీసం ఒక ఏడాదైనా మనుషులు వాడి ఉండాలి. పైగా జ్యూరీ తేల్చకముందు ఒక నిపుణుణ్ణి ఆ చోటికే పంపిస్తారు. అతను వెళ్లి తిరిగి, అక్కడివాళ్లతో మాట్లాడి, నివేదిక రాస్తాడు. మా జ్యూరీకి ఆ నియమం ఉండి ఉంటే ఒక వానాకాలం గడిచేది. అంతే, మాకు అంతకన్నా తెలివి అక్కర్లేకపోయేది.

ఆ ఆగా ఖాన్ బహుమతి 1995లో మన దేశంలో ఒక పేదల కాలనీకి వచ్చింది. ఇండోర్‌లోని అరణ్య. దాని గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పనివ్వండి, ఎందుకంటే నేను చూసినవాటిలో నాకు పాఠం చెప్పింది అదే.

ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ 1980లలో తలపెట్టిన పని అది. ప్లాను బాలకృష్ణ దోషీగారిది. తరవాత 2018లో ఆయనకి ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, మన దేశంలో అది అందుకున్న మొదటి ఆర్కిటెక్టు ఆయనే. సుమారు 85 హెక్టార్లు, 6,500 దాకా ప్లాట్లు. అందరికన్నా పేదవాళ్లకి ఇచ్చిన ప్లాటు 35 చదరపు మీటర్లు. మన లెక్కలో 42 గజాలు, అంటే సెంటుకన్నా తక్కువ. అంత చిన్న జాగాలో వాళ్లకి పూర్తి ఇల్లు కట్టివ్వలేదు. పునాది వేసి, మరుగుదొడ్డి, నీళ్లు, వంటకి కాస్త చోటు ఇచ్చి, మిగతాది మీ చేతికి డబ్బు వచ్చినప్పుడు మీరే కట్టుకోండి అన్నారు. ఎలా కట్టుకోవచ్చో చూపించడానికి మాత్రం 80 నమూనా ఇళ్లు కట్టారు.

వినగానే నాకు కోపం వచ్చింది, చెప్పద్దూ. పేదవాడికి పునాది ఇచ్చి గోడలు నువ్వే లేపుకో అనడమేంటి అనుకున్నాను. ఉద్యోగంలో ఉండగా ఒకసారి పనిమీద ఇండోర్ వెళ్లినప్పుడు ఒక పూట ఖాళీ దొరికితే ఆటో మాట్లాడుకుని వెళ్లాను. నమూనా ఇళ్లలో కొన్నిటిని ఫొటోలో చూసిన మనిషిని కాబట్టి గుర్తుపడతాననుకున్నాను, పట్టలేకపోయాను. ఒకరు పైన అంతస్తు వేశారు, ఒకరు మెట్లు బయటికి తిప్పారు, ఒకరు ముందుగదిలో కిరాణా కొట్టు పెట్టారు. చాలా ఇళ్ల ముందు అరుగు ఉంది. మన వీధి అరుగే. ఒక పెద్దావిడ దాని మీద కూర్చుని మెంతికూర వలుస్తోంది. ఇల్లు ఎన్నాళ్లకి పూర్తయిందమ్మా అని నా వచ్చీరాని హిందీలో అడిగాను. ఇంకా కాలేదంది. ఆ మాట ఫిర్యాదులా అనలేదు.

నేను చూడాల్సింది ఇళ్లు కాదని అప్పుడు తెలిసింది. ఇళ్లు మారిపోయాయి. మారనివి ఏమిటంటే వీధులు, ఇళ్ల గుంపుల మధ్య వదిలిన చిన్న చిన్న ఖాళీలు, ఒక పక్కనుంచి మరో పక్కకి నడిచిపోయే సందులు. అంటే ప్లానులో దోషీగారు గీయకుండా వదిలేసినవి. అవి ముందే గట్టిగా నిలబడ్డాయి కాబట్టి మిగతాది ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు కట్టుకోగలిగారు.

ఇక్కడ మా కోశాధికారి లేచి ఒక ప్రశ్న అడుగుతాడని తెలుసు, కాబట్టి నేనే చెప్పేస్తాను. అరణ్యలో రోడ్డు పక్కనున్న మంచి ప్లాట్లని డబ్బున్నవాళ్లకి ఎక్కువ ధరకి అమ్మారు. ఆ లాభంతోనే పేదల ప్లాట్ల ఖర్చు తగ్గించారు. రోడ్డు వైపు జాగా అమ్మడం పాపమేం కాదు. వాడు ఈ మాట ఎందుకు అడుగుతాడో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా వృత్తిలో పటాలకి రంగులుంటాయి. ఇళ్లకి పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమకి ఊదా, పార్కులకీ ఆటస్థలాలకీ పచ్చ. 33 ఏళ్లలో పచ్చ పసుపు కావడం ఎన్నోసార్లు చూశాను, పచ్చ నీలం కావడమూ చూశాను. నీలం పచ్చ కావడం నేను ఒక్కసారీ చూడలేదు. లేఔట్ వేసేవాడు పది శాతం జాగా ఖాళీగా వదిలి మున్సిపాలిటీకో పంచాయతీకో రాసివ్వాలన్న నియమం మీలో ప్లాట్లు కొన్నవాళ్లందరికీ తెలుసు. ఆ పది శాతం ఎక్కడ వదులుతారో కూడా తెలుసు. హైటెన్షన్ వైర్ల కింద, మూడు మూలల ముక్కలో, లేదంటే వర్షం నీళ్లు నిలిచే పల్లంలో. ఎవరికీ అమ్ముడుపోని ముక్క ఏదో అదే పార్కు. అసలు వదలకుండా వేసిన లేఔట్లని క్రమబద్ధీకరించడానికి ఎల్‌ఆర్‌ఎస్ వచ్చింది. ఖాళీ జాగా వదల్లేదా, ప్లాటు విలువలో 14 శాతం కట్టు అన్నారు. డబ్బు వచ్చింది. ఆ కాలనీలో పిల్లలు మాత్రం ఆ రసీదు మీద ఆడుకోలేరు కదా.

మన రాష్ట్రాల్లో భూమిని గొప్పగా వాడిన ఉదాహరణ చెప్పమంటే నేను ఏ గేటెడ్ కమ్యూనిటీ పేరూ చెప్పను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదుని ముంచేసింది. వేలమంది పోయారు. అప్పటి ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన చెప్పింది ఊళ్లో గోడలు లేపి నదిని ఇరికించమని కాదు, ఊరికి పైన నీళ్లకి చోటివ్వమని. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదని ఆపడానికి కట్టినవే ఊరికి మంచినీళ్లు కూడా ఇచ్చాయి. 1996లో 111 నంబరు జీవో వచ్చింది. ఆ జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు వద్దంది. అక్కడి రైతులకి అది కష్టమే. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ ఎకరం పలకలేదు. వాళ్ల బాధ అబద్ధం కాదు, దానికి పరిహారం ఎవరూ ఆలోచించలేదు. 2022లో 69 నంబరు జీవోతో, నీటి నాణ్యత చెడకూడదన్న షరతు పెట్టి, ఆ ఆంక్షలు ఎత్తేశారు. పాతికేళ్లకి పైగా వేల ఎకరాలు ఖాళీగా ఉండి ఒక మహానగరానికి చేసిన సేవకి ఎవరూ శాలువా కప్పలేదు. ఖాళీని వేదిక మీదికి ఎలా పిలుస్తారు?

మొన్న 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు మీ బంధువులు లేనివాళ్లు ఈ సభలో తక్కువ. డాబాల మీద పాలప్యాకెట్ల కోసం ఎదురుచూసినవాళ్లు ఇక్కడే ఉన్నారు. వాళ్ల ముందు నేను ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇక మన బడికి వస్తాను.

మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెడుతున్నారు. మన ఆటస్థలం తూర్పు గోడ కొట్టేసి, రోడ్డు వైపు 14 షాపులు కట్టి, అద్దెతో బడిని బాగుచెయ్యాలని. తీర్మానం రాసింది మన కోశాధికారి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా పక్కనే కూర్చున్నాడు. వాడి లెక్కలో తప్పు లేదు, లెక్కల్లో వాడెప్పుడూ నాకన్నా ముందే. ఆడపిల్లల మరుగుదొడ్లు చాలవు, సైన్సు గది కారుతోంది, సంఘం జీతమిచ్చే ఇద్దరు టీచర్లకి వచ్చే ఏడాది ఎక్కణ్ణుంచి తేవాలో తెలియదు. చందాలు అడిగి అడిగి వాడి నోరు అరిగిపోయింది. మనలో చాలామంది వాడి ఫోను చూసి ఎత్తడం మానేశారు. నేనూ రెండుసార్లు ఎత్తలేదు. కాబట్టి షాపులు వద్దనే ముందు వాడికి ఈ సభలో క్షమాపణ చెప్తున్నాను.

షాపుల ప్లాను నాకు పంపించాడు. పాత అలవాటు కొద్దీ స్కేలు పెట్టి కొలిచాను. షాపు లోతు 20 అడుగులే. కానీ ముందు బళ్లు ఆపుకోవడానికి 15, వెనక నడవకి 5 కలిపితే 40 అడుగులు పోతుంది. మన గ్రౌండు రోడ్డు వెంట 220 అడుగులు, లోతు 277. మొత్తం ఎకరం నలభై సెంట్లు. పోయేది 20 సెంట్లు. ఏడింట ఒక వంతు, పెద్ద నష్టం కాదనిపిస్తుంది.

ఇప్పుడు మా డ్రిల్లు మాస్టారు వందమీటర్ల పరుగుకి సున్నం గీత ఎలా వేసేవారో గుర్తు తెచ్చుకోండి. నిలువుగా కాదు. ఈశాన్యం మూల నుంచి నైరుతి మూలకి, అడ్డంగా. ఎందుకలా వేస్తారో అప్పుడు మనకి తెలియదు. నేను మొన్న లెక్క కట్టాను. మన గ్రౌండులో నిలువు 277 అడుగులు, వందమీటర్లంటే 328. మూల నుంచి మూలకి అయితేనే 353 వస్తుంది. పరుగు అయ్యాక ఆగడానికి పాతిక అడుగులు మిగులుతుంది. ఆ మిగిలిన పాతికలోనే మనలో సగంమంది మోకాళ్లు చీరుకుపోయాయి. షాపులు కడితే ఆ మూలల మధ్య దూరం 323 అవుతుంది. ఐదడుగులు తక్కువ. ఈ ఊళ్లో పిల్లలు వందమీటర్లు పరిగెత్తగల చోటు ఇంకొకటి ఉంటే చెప్పండి, నేను కూర్చుంటాను.

ఇంకో సంగతి. రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు మీదే కొత్త పొర వేస్తూ వచ్చారు. మనం చదివేటప్పుడు రోడ్డుకన్నా గ్రౌండు మెట్టు. ఇప్పుడు గ్రౌండు పల్లం. బజారు నీళ్లు తూర్పు గోడ కింద తూము గుండా లోపలికొచ్చి, ఒక రాత్రి నిలిచి, ఇంకిపోతున్నాయి. ఆ తూము మీద షాపుల పునాది పడితే నీళ్లు ఆగవు కదా, దక్షిణం సందులో ఉన్న ఇళ్లలోకి పోతాయి. ఆ సందులో ఎవరిళ్లున్నాయో నేను చెప్పక్కర్లేదు, ఇవాళ మనకి వంట చేస్తున్నవాళ్లవే.

1977 నవంబరు తుఫాను నాకు తొమ్మిదో తరగతిలో వచ్చింది. దివిసీమ నుంచి ప్రాణాలు మిగిలినవాళ్లని లారీల్లో తెచ్చి ఈ గ్రౌండులోనే దింపారు. పాతిక రోజులు బడి లేదు. అన్నం గుండిగలు ఎత్తింది మన సీనియర్లు. తడిసిన పుస్తకాల్ని ఆరబెట్టినట్టు ఇక్కడ మనుషుల్ని ఆరబెట్టారని మా తెలుగు మాస్టారు తరవాత క్లాసులో అన్నారు, అని ఇంకేం మాట్లాడలేక బోర్డు వైపు తిరిగారు. ఆయన ముందు వరసలోనే ఉన్నారు. గురువుగారూ, అనుమతి లేకుండా మీ మాట వాడుకున్నాను, మన్నించండి.

షాపులు అసలు వద్దనడం లేదు. దక్షిణం సందులోకి తిరిగి పాత హాస్టలు వంటశాల ఉంది. పైకప్పు పోయి చాలా ఏళ్లయింది, ఐదు సెంట్లు. కిందా పైనా కలిపి అక్కడ ఎనిమిది గదులు వస్తాయి. రోడ్డు మొహం కాదు కాబట్టి అద్దె సగమే వస్తుంది. ట్యూషను సెంటర్లో, కుట్టు మిషన్లవాళ్లో వస్తారు, సెల్‌ఫోను షాపులు రావు. ఆ మిగతా సగం మనం వెయ్యాలి. ఏటేటా వెయ్యాలి, ఫొటో దిగి ఒక్కసారి ఇచ్చేది కాదు. నా వంతు ఎంతో ఇందాకే కోశాధికారికి రాసిచ్చాను. వాడు చదివి జేబులో పెట్టుకున్నాడు, ఇంకా ఏమీ అనలేదు.

భోజనాలయ్యాక, సమావేశానికి ముందు, నేను టేపు పట్టుకుని ఈశాన్యం మూల దగ్గర ఉంటాను. సున్నం బస్తా తెప్పించాను. రెండో కొస పట్టుకోవడానికి మా కోశాధికారి వస్తానంటే వాడికే ఇస్తాను. మిగతావాళ్లు కూడా రండి. చెప్పులతో రండి, గ్రౌండు నిండా పల్లేరుకాయలు అలాగే ఉన్నాయి.